పదహారేళ్ల కినుకకు జవాబుగా వచ్చిన పుస్తకం: ‘అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్’ మొదటి సంపుటి

ఈ కామిక్స్ పుస్తకంలో పీటర్ పార్కర్‌కు గడ్డం ఉంది. వయసు ముప్పై దాటింది. భార్య మేరీ జేన్, కొడుకు రిచర్డ్, కూతురు మే, రోజూ వెళ్లవలసిన ఉద్యోగం, పొద్దున్నే పిల్లలను బడికి తయారుచేసే హడావుడి అన్నీ ఉన్నాయి. లేనిది అతన్ని స్పైడర్‌మ్యాన్‌గా మార్చే సాలీడు కాటు ఒక్కటే. పదిహేనేళ్ల వయసులో అతనికి తగలవలసిన ఆ కాటును ‘మేకర్’ అనే ప్రతినాయకుడు కాలంలో వెనక్కు వెళ్లి ముందే తప్పించివేశాడు కాబట్టి, తన జీవితంలో ఏదో రావలసింది రాకుండా పోయిందన్న వెలితితోనే పీటర్ ఇన్నేళ్లూ గడిపాడు. ఆ తప్పించిన సాలీడును మరో మార్వెల్ పాత్ర టోనీ స్టార్క్ ఒక పెట్టెలో పెట్టి అతని ఇంటికి పంపడంతో కథ మొదలవుతుంది. జొనాథన్ హిక్‌మన్ రాయగా మార్కో కెక్కెట్టో ప్రధానంగా బొమ్మలు వేసిన ఈ ధారావాహిక మొదటి సంచిక 2024 జనవరిలో వెలువడింది. మొదటి ఆరు సంచికలను కలిపి కుట్టిన సంపుటిని నేను ఈమధ్య తెప్పించుకుని రెండుసార్లు చదివాను. మంచి పుస్తకం. అయితే ఇది ఎందుకు పుట్టిందో, ఇంతగా ఎందుకు అమ్ముడైందో తెలియకుండా చదివితే ఇందులోని సగం రుచి తెలియదు.

స్టాన్ లీ, స్టీవ్ డిట్కో 1962లో సృష్టించిన స్పైడర్‌మ్యాన్‌కు మార్వెల్ సంస్థ 1987లో పెళ్లి చేసింది. ఆ సంవత్సరం జూన్‌లో న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బేస్‌బాల్ మ్యాచ్‌కు వచ్చిన వేలాది మంది ఎదుట, వేషధారులతో ఆ పెళ్లి వేడుకను నిజంగానే జరిపించారు. అలా ఊరందరి ముందు ముడివేసిన బంధాన్ని 2007లో ‘వన్ మోర్ డే’ అనే కథతో అదే సంస్థ తెంచివేసింది. తుపాకీ గుండు తగిలి చావుబతుకుల మధ్య ఉన్న మే అత్తను బతికించుకోవడానికి పీటర్, మేరీ జేన్ తమ వివాహాన్ని మెఫిస్టో అనే దయ్యానికి ధారపోస్తారు. ఆ పెళ్లి అసలు జరగనే లేదన్నట్లుగా లోకం స్మృతి అంతా మారిపోతుంది. నాయకుడికి పెళ్లయితే వయసు పైబడినట్లు కనిపిస్తాడనీ, కథకు దారులు మూసుకుపోతాయనీ అప్పటి ప్రధాన సంపాదకుడు జో కెసాడా వాదించారు. రచయిత జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ మాత్రం ముగింపుతో తనకు ఏకీభావం లేదని బహిరంగంగానే చెప్పుకున్నారు. ఇరవై ఏళ్లు ఆ దంపతుల కష్టసుఖాలను నెలనెలా డబ్బు పెట్టి కొనుక్కుని చదివినవారికి కోపం రావడంలో ఆశ్చర్యమేముంది? వారపత్రికల సీరియళ్లు చదువుతూ పెరిగిన మనకు ఆ బాధ విడమరచి చెప్పనక్కరలేదు. పాత్ర చనిపోతే పాఠకుడు ఏడుస్తాడు, ఓర్చుకుంటాడు. పాత్ర బతికిన బతుకే జరగలేదని చెప్పడం వేరు. అది చదివినవాడు వెచ్చించిన కాలాన్ని కూడా కొట్టివేయడమే.

మరి ఇంత కోపం వచ్చినప్పుడు అమ్మకాలు కూలిపోవాలి కదా అని ఎవరైనా అడుగుతారు. కూలిపోలేదు. 2008 జనవరి నుంచి ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ నెలకు మూడు సంచికల చొప్పున వచ్చింది, మార్వెల్ ప్రచురణలలో ముందు వరుసలోనే నిలిచింది. ఈ సంగతిని చూపించి, అభిమానుల అసంతృప్తి ఒట్టి కేకలేనని తీసిపారేసేవారు చాలామంది ఉన్నారు. ఆ వాదన తప్పని నా నమ్మకం, ఎందుకంటే అమెరికా కామిక్స్ వ్యాపారంలో ‘అమ్మకాలు’ అని ప్రకటించే అంకె పాఠకుడు కొన్న ప్రతులది కాదు, దుకాణదారు తెప్పించుకున్న ప్రతులది. 1970లలో అక్కడ స్థిరపడిన పద్ధతి ప్రకారం కామిక్స్ దుకాణాలు సంచిక రావడానికి వారాలు, నెలల ముందే ఎన్ని ప్రతులు కావాలో చెప్పాలి. దానికి బదులుగా వాటికి మంచి తగ్గింపు ధర దొరుకుతుంది, కాని మిగిలిపోయిన ప్రతులను తిప్పి పంపే వీలు చాలావరకు ఉండదు. అందువల్ల పాఠకుడు అలిగినప్పుడు మొదటి దెబ్బ తగిలేది ప్రచురణకర్తకు కాదు, అరమీద అమ్ముడుపోని కట్టతో మిగిలిపోయే చిన్న దుకాణదారుకు. అతను మరుసటి నెల నాలుగు ప్రతులు తగ్గించి అడుగుతాడు, ఆ పై నెల ఇంకో నాలుగు తగ్గిస్తాడు. ఈలోగా ప్రచురణకర్త ఒకే సంచికకు నాలుగైదు రకాల ముఖచిత్రాలు వేసి, ఇన్ని ప్రతులు తీసుకుంటేనే అరుదైన ముఖచిత్రం ఇస్తామని మెలిక పెట్టి అంకెను మళ్లీ పైకి లేపుతాడు. కోపం ఉన్న చోటే ఉంటుంది, లెక్కలో మాత్రం కనిపించదు.

అది లెక్కలోకి ఎక్కిన రోజు 2024 జనవరిలో వచ్చింది. పెళ్లయిన పీటర్ మళ్లీ కనిపిస్తాడనగానే ‘అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్’ తొలి సంచిక దుకాణాలలో నిలవలేదు. పదేపదే పునర్ముద్రణకు వెళ్లి, ఆ ఏడాది ఎక్కువగా అమ్ముడైన సంచికల వరుసలో చేరింది. సరిగ్గా అదే కాలంలో అసలు ధారావాహిక ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ పాఠకులను మరింత నొప్పిస్తూ సాగుతుండడం ఇక్కడ గమనించాలి. 2022లో మొదలైన కొత్త దఫాలో పీటర్‌ను, మేరీ జేన్‌ను మళ్లీ విడదీసి ఆమె పక్కన పాల్ అనే కొత్త మనిషిని నిలబెట్టారు. 2023లో 26వ సంచికలో మరో మార్వెల్ నాయిక కమలా ఖాన్‌ను చంపి, కొద్ది వారాలకే వేరే పుస్తకంలో బతికించారు. కొనడం మానలేక, కొన్నది మెచ్చుకోలేక ఉన్న పాఠకుడికి పక్క అరలోనే తాను అడిగింది దొరికితే చేయి ఎటు వెళ్తుందో ఈ సంపుటి చెప్పింది. పదహారేళ్లుగా సంస్థ వదులుకున్న రాబడి ఎంతో ఎవరూ లెక్క కట్టలేరు గాని, అది లేదని ఇక ఎవరూ అనలేరు.

హక్కుల ఒప్పందాల విషయానికి వస్తే కథ వేరే తీరుగా నడుస్తుంది. మా అబ్బాయి బడి సంచి మీద స్పైడర్‌మ్యాన్ బొమ్మ ఉంది. ఆ సంచి తయారుచేసినవారికి గాని, కొన్న నాకు గాని, మోసే వాడికి గాని 2007లో జరిగిన దానితో పని లేదు. ఎర్రటి ముసుగు, తెల్లటి కళ్లు, సాలెగూడు గీతలు ఉంటే చాలు. కామిక్స్ చదివేవారు వేలల్లో, లక్షల్లో ఉంటే, ఆ బొమ్మ ఉన్న చొక్కాలు, సీసాలు, చెప్పులు కొనేవారు ప్రపంచమంతటా కోట్లలో ఉంటారు. పాత్ర ఎప్పటికీ మారకుండా, కుర్రవాడిగానే ఉండాలన్న కోరిక ఈ వ్యాపారానికి సహజంగానే సరిపోతుంది. పాఠకుడు పాత్ర ఎదగాలంటాడు, బొమ్మ హక్కులు కొన్నవాడు ఎదగవద్దంటాడు. సంపాదకుడు వారిద్దరి మధ్య నలుగుతాడు. ఈ ఒక్క కారణానికి కెసాడా మీద నాకు కొంత సానుభూతి ఉంది.

అలాగని అభిమానుల మాట ఒప్పందాల దాకా ఎన్నడూ వెళ్లదనుకుంటే పొరపాటు. సినిమా అనే ద్వారం గుండా అది వెళ్తుంది, ఎందుకంటే సినిమా టికెట్టును ముందుగా దుకాణదారు కొనిపెట్టడు, ప్రేక్షకుడే కొనాలి. స్పైడర్‌మ్యాన్ చలనచిత్ర హక్కులు 1990ల చివరి నుంచి సోనీ చేతిలో ఉన్నాయి. వస్తువుల మీద బొమ్మ వాడుకునే హక్కులను మాత్రం 2011లో మార్వెల్ యజమాని డిస్నీ సోనీ నుంచి పూర్తిగా తన వైపు తెచ్చుకుంది. 2014లో వచ్చిన ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 2’ ప్రపంచవ్యాప్తంగా 70 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసినా అప్పటివరకు వచ్చిన అయిదు చిత్రాలలో అదే తక్కువ. అభిమానులు నిరుత్సాహపడ్డారు, అనుకున్న తరువాతి భాగాలు ఆగిపోయాయి. 2015 ఫిబ్రవరిలో సోనీ, మార్వెల్ చేతులు కలిపి కొత్త నటుడితో పాత్రను మార్వెల్ సినిమాలలోకి తీసుకువచ్చాయి.

ఇంకా సూటి ఉదాహరణ 2019 ఆగస్టులోది. వాటాల దగ్గర బేరం కుదరక సోనీ, డిస్నీ విడిపోతున్నాయన్న వార్త బయటకు రాగానే అభిమానులు ఇరు సంస్థలనూ ఉతికి ఆరేశారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు చివరలో, కొత్త ఒప్పందం ఖరారైంది. స్పైడర్‌మ్యాన్‌గా నటించిన టామ్ హాలండ్ తనకు ఫోన్ చేసి మాట్లాడిన సంగతినీ, అభిమానులు ఏం కోరుతున్నారో తమ సంస్థ జరిపిన అభిమానుల సభలో స్పష్టంగా తెలిసివచ్చిన సంగతినీ డిస్నీ అప్పటి అధిపతి బాబ్ ఐగర్ తరువాత ఒక టీవీ కార్యక్రమంలో స్వయంగా చెప్పారు. వందల కోట్ల డాలర్ల లెక్కలు అభిమానుల అరుపులతోనే తేలాయని నేను అనను. డబ్బు లెక్క కుదరకపోతే ఏ ఒప్పందమూ కుదరదు. కాని తెగిపోయిన బేరాన్ని మళ్లీ బల్ల మీదకు తెచ్చినవాటిలో అదీ ఒకటని ఆ మాటలే చెబుతున్నాయి. మన తెలుగు ప్రేక్షకులకూ ఇందులో వంతు ఉంది: 2023లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్: అక్రాస్ ద స్పైడర్‌వెర్స్’ భారతదేశంలో తెలుగుతో సహా 10 భాషలలో విడుదలైంది, అందులోని భారతీయ స్పైడర్‌మ్యాన్ పవిత్ర్ ప్రభాకర్ 2004లో మార్వెల్ అనుమతితో మన దేశంలో రూపొందిన కామిక్స్ పాత్ర.

ఇక పుస్తకం సంగతి. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది పోరాటం కాదు, ఒక విందు. పీటర్, మేరీ జేన్ ఒకవైపు, హ్యారీ ఆస్బోర్న్, అతని భార్య గ్వెన్ మరోవైపు కూర్చుని భోజనం చేస్తూ మాట్లాడుకోవడంతోనే దాదాపు ఒక సంచిక అంతా గడిచిపోతుంది. ఆ మగవాళ్లిద్దరికీ ఒకరి రహస్యం ఒకరికి తెలుసు. భార్యల ముందు ఏది అనాలో, ఏది మింగాలో తూచుకుంటూ ఉంటారు. మాటల మధ్య మేరీ జేన్ చూపు ఒకసారి పీటర్ వైపు తిరిగి ఆగుతుంది. ఆ చిన్న బొమ్మ గడిలో మాట ఒక్కటి కూడా లేదు, అయినా పదేళ్ల కాపురం అందులో కనిపిస్తుంది. 2007లో పాఠకులు పోగొట్టుకున్నది సరిగ్గా ఇదే. అసలు కథలో మొదట్లోనే చనిపోయే బెన్ బాబాయి ఈ లోకంలో బతికే ఉన్నాడు. భార్యను కోల్పోయిన ఆయన, పత్రికా సంపాదకుడు జేమ్సన్ కలిసి ఉద్యోగాలు వదిలి సొంత పత్రిక పెట్టుకోవడం చక్కటి ఉపకథ. తండ్రి రహస్యం చిన్నారి కూతురికి తెలిసిపోయే ఘట్టం మా ఇంట్లో బిగ్గరగా చదివించుకున్నారు.

లోపాలూ ఉన్నాయి. సంచిక సంచికకూ కథలో ఒక నెల గడిచిపోయే పద్ధతి పెట్టుకోవడం వల్ల, మనం చూడాలని ఆశపడిన ఘట్టాలు కొన్ని రెండు సంచికల మధ్య జరిగిపోతాయి; తరువాత ఎవరో చెప్పగా మనం తెలుసుకోవాలి. ఆరు సంచికలు పూర్తయ్యేసరికి కింగ్‌పిన్ అనే ప్రతినాయకుడితో వైరం రాజుకుంటుందే తప్ప మంట లేవదు. మొదటి దుస్తుల రూపకల్పన నాకు చదునుగా అనిపించింది. నెలనెలా కొన్నవారికి ఈ నిదానం ఎంత విసుగు కలిగించి ఉంటుందో ఊహించగలను, సంపుటిగా చదివినప్పుడు మాత్రం ఓర్చుకోవచ్చు.

ముద్రణ బాగుంది. నున్నటి కాగితం, మ్యాథ్యూ విల్సన్ అద్దిన సాయంకాలపు నారింజ, నీలి రంగులు చక్కగా తేలాయి. జిగురు అతుకు బిగువుగా ఉండడంతో రెండు పుటల మీద పరుచుకున్న బొమ్మల నడిమి భాగం మడతలోకి పోతుంది. బలంగా విప్పితే అతుకు ఊడుతుందేమోనని భయం. నేను తెప్పించుకున్న అమ్మకందారు ఒక పలచటి సంచిలో పడేసి పంపడం వల్ల కింది మూల నలిగి వచ్చింది. మార్చి ఇవ్వమంటే పది రోజులు తిప్పారు. ఖరీదు వెయ్యి రూపాయలు దాటింది, ఆరు సంచికలకు అది మనవారికి ఎక్కువే. వీలైతే పుస్తకాల దుకాణానికి వెళ్లి చేత్తో పట్టుకుని చూసి కొనండి.

మా అబ్బాయి ముఖచిత్రం చూసి సంచి మీది బొమ్మతో పోల్చుకున్నాడు, బాగానే ఉందన్నాడు. లోపలి పుటలు తిప్పాక మాత్రం “నాన్నా, స్పైడర్‌మ్యాన్‌కు పిల్లలున్నారా?” అని అడిగాడు. ఉన్నారన్నాను. కాసేపు ఆలోచించి, వాళ్లు కూడా గోడలెక్కుతారా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పుస్తకం పట్టుకుపోయాడు. రెండో సంపుటికి నిన్ననే డబ్బు కట్టాను.