కోరమంగల డీఎన్‌ఏ ల్యాబ్: ల్యాబ్‌కి పూర్తి మార్కులు, కౌంటర్‌కి సగం

బెంగళూరు సిటీ సివిల్ కోర్టులో ఆస్తి తగాదాలు చూసే లాయర్ని. చింతామణి వైపు తెలుగు కుటుంబం కేసు కోసం కోరమంగలలోని ఒక ప్రైవేట్ డీఎన్‌ఏ ల్యాబ్‌కి వెళ్లాల్సొచ్చింది. మా క్లయింటు అమ్మ కన్న కూతురే కాదని, ఎవరి బిడ్డనో ఆస్పత్రి నుంచి తెచ్చి పెంచారని ఆమె అన్న వాదన. తన శాంపిల్ ఇవ్వనన్నాడు. తల్లికి దహనం ఎప్పుడో అయిపోయింది. మిగిలింది ఆవిడ సవరం ఒక్కటే. దువ్వెనకొచ్చిన జుట్టు కూడబెట్టి కట్టించుకున్నది.

రాలిన పాత వెంట్రుకలో మామూలు డీఎన్‌ఏ పెద్దగా మిగలదు. మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే చిన్న భాగాలు) డీఎన్‌ఏ అయితే కణానికి వందలు, వేల ప్రతులుంటాయి కాబట్టి దొరికే అవకాశం ఎక్కువ. పంజాబ్‌లోని అజ్నాలా బావిలో 2014లో బయటపడ్డ 1857 నాటి సిపాయిల పళ్ల మీద మన హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్లు చేసిన పరీక్షల్లో ఇదీ ఒకటి.

డబ్బు కట్టించుకోకముందే అక్కడి సైంటిస్ట్ అడిగారు: "అవతలివాళ్లు ఈమెని ఎవరి కూతురంటున్నారు మేడమ్? పిన్ని కూతురంటే మాత్రం ఈ పరీక్ష దండగ. ఇది తల్లి వైపు నుంచే వస్తుంది, అక్కచెల్లెళ్ల పిల్లలందరికీ ఒకటే ఉంటుంది." మా కేసులో ఆ మాట లేదు కాబట్టి ముందుకెళ్లాం. వచ్చిన బేరం పోతుందేమోనని చూడకుండా అడిగిన ఈ ఒక్క ప్రశ్న చాలు, ఆ ల్యాబ్‌ని నమ్మొచ్చు.

సవరంలో వేరేవాళ్ల జుట్టు కలిసుంటుందేమోనని కొన్ని వెంట్రుకల్ని విడివిడిగా కడిగి, దేనికది పరీక్షించారు. మైటోకాండ్రియా డీఎన్‌ఏలో ఉండే మొత్తం 16,569 అక్షరాల్లో మనిషికీ మనిషికీ ఎక్కువగా తేడా వచ్చే రెండు భాగాలు, 16024–16365, 73–340, చదివి పట్టిక వేశారు. అన్నీ మా క్లయింటు నమూనాతో కలిశాయి. అయినా రిపోర్టులో "ఈవిడే తల్లి" అని రాయలేదు, "ఒకే తల్లి వంశం వాళ్లు కారని చెప్పలేం" అని రాశారు. క్లయింటు మొహం చిన్నబోయింది. నాకు మాత్రం కావలసింది అదే. రేపు ఆ సైంటిస్ట్ బోనెక్కితే క్రాస్‌లో విరగని మాట అది.

కౌంటర్ సంగతి వేరు. కాగితం కవర్లో సీల్ చేయాల్సిన సవరాన్ని ప్లాస్టిక్ కవర్లో వేయబోయారు. చెమ్మ పట్టి బూజొస్తే డీఎన్‌ఏ చెడిపోతుంది, ఆ సవరం ఇంకోటి దొరకదు. నేను ఆపి మార్పించాను. శాంపిల్ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసే ఫారంలో సాక్షి సంతకానికి చోటే లేదు, పక్కన చేత్తో గీత గీయించి పెట్టించాను. కోర్టు పనికి వెళ్లేవాళ్లు ఈ రెండూ దగ్గరుండి చూసుకోండి. రిపోర్టు కూడా చెప్పిన తేదీకి రాలేదు, వాయిదా అడగాల్సొచ్చింది.