జీపు గుడ్డ టాప్ గాలికి కొట్టుకోకుండా: ఆరేళ్ళ వాడకం తర్వాత

మాది పాత జీపు, గుడ్డ టాప్. తిరుపతి నుంచి దామలచెరువు దగ్గరున్న మా మామిడి తోటకి వారానికి రెండుసార్లైనా వెళ్తాను. చిత్తూరు, పలమనేరు అప్పుడప్పుడూ, పుత్తూరు, నగరి మీదుగా చెన్నై ఏడాదికి మూడు నాలుగుసార్లు. ఆరేళ్ళలో 68 వేల కిలోమీటర్లు తిరిగింది. వేగంలో టాప్ కొట్టుకోకుండా నేను చేయించుకున్న ఏర్పాట్ల గురించి రాస్తున్నాను. చేయించిన కొత్తలో రాసి ఉంటే అన్నీ బాగున్నాయనే రాసేవాణ్ణి. ఆరు ఎండాకాలాలు, ఆరు నవంబరు వానలు చూశాక ఏది నిలిచిందో, ఏది పోయిందో ఇప్పుడు చెప్పగలను.

ముందు మా బాధ ఎలా ఉండేదో చెప్పాలి. చంద్రగిరి దాటి రోడ్డు ఖాళీ దొరికి, ముల్లు 60 దాటిందంటే ముందు అద్దానికి, టాప్‌ను మోసే వంపు పైపుల్లో మొదటిదానికి మధ్యనున్న గుడ్డ పైకి లేచేది. 70కి వచ్చేసరికి టాప్ మొత్తం కొట్టుకునేది. గంగజాతరలో పలకలు మన నెత్తిమీదే వాయిస్తున్నట్టు ఉండేది. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే అరవాలి. ఒకసారి అమ్మను చిత్తూరులో డాక్టరుకి చూపించి తీసుకొస్తుంటే పూతలపట్టు దాటాక, "నాయనా, కొంచెం నిదానంగా పో. తల నొస్తావుంది" అంది. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా 45 దాటలేదు. చప్పుడు ఒక్కటే అయితే ఓర్చుకునేవాణ్ణేమో. గుడ్డ పైపులకు కొట్టుకుని, రాసుకుని అక్కడక్కడా చిల్లులు పడ్డాయి, కుట్లు తెగాయి. రెండేళ్ళకే ఒక టాప్ పోయింది.

అప్పట్లో నా ఆలోచన, గుడ్డ వదులుగా ఉంది కాబట్టి కొట్టుకుంటోంది, గట్టిగా లాగి కడితే ఆగుతుంది అని. బయటి నుంచి ప్లాస్టిక్ తాడు అడ్డంగా వేసి రెండు పక్కలా కొక్కేలకు కట్టాను. కొట్టుకోవడం కొంచెం తగ్గింది, కానీ తాడు రొద మొదలైంది. తాడు తీసేసి లారీలకు లోడు కట్టే వెడల్పాటి బెల్టు వేశాను. అది ఇంకా పెద్దగా మోగింది. తోటకి లోడుకి వచ్చే ఒక లారీ డ్రైవరు చూసి, బెల్టును ఒక మెలిక తిప్పి కట్టమన్నాడు. బెల్టు చదునుగా ఉంటే గాలికి అల్లాడుతుంది, మెలిక ఉంటే ఆ అల్లాట కుదరదు. నిజంగానే మోత ఆగిపోయింది. ఎవరైనా తాత్కాలికంగా బెల్టు కట్టుకుని వెళ్ళాల్సి వస్తే ఆ మెలిక మరిచిపోవద్దు. కానీ బెల్టు ఒరుసుకున్న చోట మా టాప్ రెగ్జిన్ (ప్లాస్టిక్ పూత ఉన్న గుడ్డ) పైపొర ఆరు నెలల్లో తెల్లబడిపోయింది. అది శాశ్వతంగా ఉంచుకునే పద్ధతి కాదు.

అసలు సంగతి తెలిసింది చిత్తూరులో ఒక కుషన్ షాపు పెద్దాయన దగ్గర. కొత్త టాప్ కుట్టించుకుందామని వెళ్ళాను. ఆయన టేపు తీయలేదు. "నువ్వు తోలు సామీ, నేను ఎనక కూర్చుంటా" అన్నాడు. బెంగళూరు రోడ్డు మీద కొంత దూరం పోయాం. ఆయన అరచేయి టాప్‌కి ఆనించి కూర్చున్నాడు. దిగాక చెప్పిన మాట నాకింకా గుర్తుంది. "గుడ్డ కిందికి పడతా లేదు, పైకి లేస్తా ఉండాది. లోపలికి గాలి యాడి నించి పోతా ఉందో ముందు అది చూడు. గుడ్డ తర్వాత చూద్దాం."

ఆ మాట నా ఆలోచనను తిప్పేసింది. టాప్ మీదుగా గాలి వేగంగా పోయేటప్పుడు పైన ఒత్తిడి తగ్గుతుంది. లోపలేమో, ముందు కిటికీల్లోంచీ సందుల్లోంచీ గాలి దూరి ఒత్తిడి పెరుగుతుంది. మూతి తెరిచిన గోతాం గాలికి ఉబ్బినట్టు టాప్ ఉబ్బుతుంది. ఉబ్బగానే ఎక్కడో సందు తెరుచుకుని గాలి బయటికి పోతుంది, గుడ్డ పడుతుంది, మళ్ళీ లేస్తుంది. ఇదంతా రెప్పపాటులో చాలాసార్లు జరుగుతుంది. అదే మనకు వినపడే చప్పుడు. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. 40లో ఎదురుగాలి చదరపు మీటరుకు ఏడెనిమిది కిలోల బరువంత తోస్తే, 80లో 30 కిలోల దాకా తోస్తుంది. టాప్ మీద అంతా ఒకే తీరుగా పడదు గానీ, గుడ్డను పైకి లాగే బలం కూడా అదే లెక్కలో పెరుగుతుంది. తిరుమల ఘాట్ రోడ్డులో ఎన్నిసార్లు ఎక్కి దిగినా మా టాప్ ఎందుకు నోరెత్తలేదో, హైవే ఎక్కగానే ఎందుకు అల్లరి చేసిందో అప్పుడు అర్థమైంది.

ఇంటికి వచ్చి ఒక పని చేశాను. ఇప్పటికీ అందరికీ ముందు ఇదే చేయమని చెప్తాను. పల్చటి పాలిథిన్ కవరును వేలెడు వెడల్పు ముక్కలుగా చీల్చి, ముందు అద్దం ఫ్రేము పొడవునా, డోర్ల పైన, వెనక కిటికీల దగ్గర లోపలివైపు టేపుతో అంటించాను. మా తమ్ముడు నడుపుతుంటే నేను చూస్తూ కూర్చున్నాను. అద్దం ఫ్రేము మధ్యలో ఉన్న ముక్కలు కదల్లేదు. రెండు మూలల్లో ఉన్నవి మాత్రం 50 దాటగానే లోపలికి నిలువునా లేచి వణికాయి. గుడ్డ అంచు ఫ్రేము గాడిలో కూర్చునే చోట మూలల్లో వేలు దూరేంత సందు ఉంది. అన్నేళ్ళూ ఆ సందును నేను చూడనే లేదు.

అక్కడ కారు డోర్లకు వేసే రబ్బరు బీడింగ్ వేయించాను. మూలల్లో బీడింగ్ ఒంపు తిరగదు కాబట్టి అక్కడ గుడ్డకే జానెడు పొడవు చెవి ఒకటి అదనంగా కుట్టించి, ఫ్రేము పక్కకు మడిచి ప్రెస్ బటన్‌తో బిగించాం. మొత్తం ఏర్పాట్లలో చవకైనది ఇదే, 350 రూపాయలు. ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఇదే. ఆ ఒక్క పనితోనే టాప్ లేవడం మొదలయ్యే వేగం 60 నుంచి 70కి పెరిగింది.

లోపలికి వచ్చిన గాలికి దారి ఇవ్వడం రెండోది. ముందు కిటికీలు పూర్తిగా తెరిచి, వెనకంతా మూసి ప్రయాణం చేస్తే ఏ టాప్ అయినా ఉబ్బుతుంది. వెనక పక్క కిటికీలు రెండూ జానెడు తెరిచి పెడతాను. వెనక పరదా ఎత్తేయడం సులువు కదా అనిపిస్తుంది. నేనూ అలాగే చేశాను. తోట దారిలో దుమ్మంతా వెనక నుంచి లోపలికి వచ్చింది, దాంతోపాటు డీజిల్ పొగ కూడా. బండి వెనక గాలి సుళ్ళు తిరిగి సైలెన్సర్ పొగను లోపలికి లాగుతుంది. పిల్లలు వెనక కూర్చుంటే అది ప్రమాదం, పొగలో విషవాయువు ఉంటుంది. కాబట్టి పక్క కిటికీలే తెరవండి. పరదా మూసే ఉంచండి.

ఇక గుడ్డ సంగతి. కొత్త టాప్‌లో పెద్దాయన చేసిన ముఖ్యమైన మార్పు, గుడ్డ లోపలివైపు ప్రతి వంపు పైపుకీ మూడేసి వెల్క్రో పట్టీలు కుట్టడం. పట్టీ పైపు చుట్టూ తిరిగి తనకు తానే అంటుకుంటుంది. గుడ్డను చివర్లలో ఎంత గట్టిగా లాగినా మధ్యలో అది స్వేచ్ఛగానే ఉంటుంది, గాలి దాన్ని అక్కడే లేపుతుంది. పైపుకే కట్టేస్తే లేవడానికి వీలుండదు. దీనికి తోడు మూడు పైపులకు నాలుగోది చేర్చాం, ముందు అద్దానికి మొదటి పైపుకి మధ్య. ఎక్కడ ఎక్కువ లేస్తోందో అక్కడే. పైపుల మధ్య దూరం తగ్గితే లేచే గుడ్డ విస్తీర్ణం తగ్గుతుంది. పైపు వంచి, క్లాంపులు వెల్డింగ్ చేసి, రంగు వేసి 1,800 అయింది.

ముందు నుంచి వెనకదాకా, గుడ్డ కింద, పైపుల మీదుగా రెండు నవారు పట్టీలు లాగి కట్టాం. నిజం చెప్పాలంటే అవి గాలికి పెద్దగా పనికిరాలేదు, ఎందుకంటే అవి గుడ్డను కింద నుంచి మోస్తాయే తప్ప పైకి లేవకుండా ఆపవు. వానకాలంలో మాత్రం వాటి విలువ తెలిసింది. పాత టాప్‌కి పైపుల మధ్య గుంట పడి, ఒక రాత్రి వానకే బిందెడు నీళ్ళు నిలిచేవి. బ్రేకు వేస్తే ఆ నీళ్ళు అద్దం మీదికి దూకేవి. నవారు వేశాక ఒక్క నవంబరులోనూ నీళ్ళు నిలవలేదు.

పైపుల మీద ఏసీ గొట్టాలకు తొడిగే నల్ల ఫోము వేశాం. మీటరు కొద్ది రూపాయలే. గుడ్డ ఇనుముకు నేరుగా రాసుకోదు, పైగా పైపు లావెక్కి గుడ్డ ఇంకాస్త బిగుస్తుంది. మా ఎండకు రెండున్నరేళ్ళలో అది పొడి పొడిగా రాలిపోయింది. ఇప్పుడు వేసింది మూడోసారి.

ఎండ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మా వైపు గుడ్డ టాప్ పెట్టుకున్న వాళ్ళు చేసే తప్పు ఇక్కడే ఉంది. తిరుపతిలో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే, ఎండలో నిలిపిన బండి టాప్ ఇంకా చాలా వేడెక్కుతుంది. రెగ్జిన్ వేడికి మెత్తబడి సాగుతుంది, చలికి బిగుసుకుంటుంది. నా మొదటి టాప్‌ను జనవరిలో, పొద్దున చలిలో, వేరొక షాపులో బిగించారు. ఆ రోజు పలకలా ఉంది. మే వచ్చేసరికి రెండు వేళ్ళు పట్టేంత వదులైంది. ఈసారి పెద్దాయన ఏప్రిల్‌లో రమ్మన్నాడు. పదకొండుకి బండిని ఎండలో పెట్టించి, ఒంటిగంట దాకా ముట్టుకోలేదు. తర్వాత లాగి బిగించాడు. చలికాలంలో బటన్లు వేయడానికి కొంచెం బలం పెట్టాలి, అంతే. నూలు కాన్వాసుకు లెక్క వేరు. అది తడిస్తే బిగుస్తుంది, ఆరితే వదులవుతుంది. కాన్వాసు వేయించుకునేవాళ్ళు ఒకటి రెండుసార్లు తడిపి ఆరబెట్టాకే ఆఖరి బిగింపు చేయించుకోవాలి.

కుట్టే దారం కూడా అడిగి వేయించుకోండి. మొదటి టాప్‌కి నూలు దారం వాడారు, ఎండకు వానకు చీకిపోయింది. నైలాన్ బలమైనదే గానీ ఎండకు త్వరగా చేవ తగ్గుతుంది. పాలిస్టర్ దారం అంతకంటే ఎక్కువ కాలం ఎండకు ఓర్చుతుంది. ఈ ఆరేళ్ళలో నా టాప్‌లో తెగిన కుట్టు ఒక్కటే, అదీ మామిడి కొమ్మ తగిలి.

బాగాలేనివి కూడా చెప్పాలి. వెల్క్రో దుమ్మును తట్టుకోలేదు. తోటలో ఎర్రమట్టి దుమ్ము ఆ పళ్ళలో కూరుకుపోయి మూడో ఏటికి పట్టు సగమైంది. పాత టూత్ బ్రష్‌తో నెలకోసారి గీకి శుభ్రం చేస్తే ఇంకో ఏడాది లాగాయి. ఐదో ఏట ముందు రెండు పైపులకూ వెల్క్రో తీసేసి, చిన్న బకిల్ ఉన్న నవారు పట్టీలు వేయించాను. టాప్ విప్పడానికి అయిదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, కానీ పట్టు మాత్రం ఇనుమే. ఇప్పుడైతే మొదటి నుంచే ముందు రెండిటికీ బకిల్ పెట్టించేవాణ్ణి, వెనక వాటికి వెల్క్రో చాలు.

ప్రెస్ బటన్లలో ఇత్తడివి బాగున్నాయి, మామూలువి రెండు వానలకే తుప్పు పట్టి గుడ్డకు మరకలు అంటించాయి. కిటికీ ప్లాస్టిక్ పసుపెక్కింది, దానికి నేనేమీ చేయలేకపోయాను.

ఇన్ని చేసినా టాప్ కారు రూఫు కాదు. ఇప్పుడు 80 వరకు గుడ్డ లేవదు, పక్కవాళ్ళతో మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. 80 దాటితే మూలల్లో మళ్ళీ చిన్న వణుకు మొదలవుతుంది. మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు వైపు వెళ్ళేటప్పుడు పక్కగాలి కొడితే గాలి తగిలే వైపు డోరు పైన గుడ్డ ఇప్పటికీ లోపలికి గుంట పడుతుంది. ఎదురుగా పెద్ద లారీ దూసుకుపోతే ఒక్క దెబ్బ వినిపిస్తుంది. నా వాడకానికి 75 చాలు కాబట్టి నాకు ఇబ్బంది లేదు. రోజూ చెన్నై హైవేలో 100కి తగ్గకుండా పోయేవాళ్ళకు ఈ ఏర్పాటు సరిపోదు, వాళ్ళు గట్టి టాప్ చూసుకోవడమే మంచిది.

టాప్ గుడ్డ ఖర్చు కాకుండా మొత్తం 6,400 అయింది, ఆ తర్వాత ఫోముకి, బకిళ్ళకి ఇంకో 1,500. అంతకుముందు రెండేళ్ళకే పోయిన టాప్ ఈసారి ఆరేళ్ళు వచ్చింది. డబ్బు తక్కువుంటే ముందు మూలల బీడింగ్, ఆ తర్వాత పైపులకు పట్టీలు చేయించుకోండి. అదనపు పైపు, నవారు తర్వాత చూసుకోవచ్చు.

గత నెల అమ్మను మళ్ళీ చిత్తూరు తీసుకెళ్ళాను. వచ్చేటప్పుడు కాణిపాకంలో దర్శనం చేసుకుని బయల్దేరాం. చంద్రగిరి కోట కనపడేదాకా ఆమె నిద్రపోయింది.

ఈ గుడ్డ ఇంకో ఏడాది వస్తుందేమో. పైపుల దగ్గర రంగు వెలిసింది గానీ చిల్లు లేదు. వచ్చే ఏప్రిల్‌లో కొత్తది వేయించాలి. పెద్దాయన ఇప్పుడు షాపుకి రోజూ రావడం లేదు, పని కొడుకు చూస్తున్నాడు. పాత టాప్‌ను కొలతకి పంపమన్నాడు. ఆరేళ్ళకి సాగిన గుడ్డ కొలత పనికిరాదని, బండే తీసుకొస్తానని, మధ్యాహ్నం ఎండలోనే కొలవాలని చెప్పాను.