షెవర్లే బిళ్ళ వెనక సుబారు: కోనసీమలో పదమూడేళ్ళ వాడకం

మా అమలాపురంలో ఈ బండిని సుబారు అని పిలిచేది నేనొక్కణ్ణే. మిగతా అందరికీ అది "మాస్టారి షెవర్లే". వాళ్ళ తప్పేం లేదు, ముందు జాలీ మీద ఉన్న బిళ్ళ అదే. అప్పట్లో సుబారు కార్లు తయారుచేసే ఫ్యూజీ హెవీ ఇండస్ట్రీస్‌లో జనరల్ మోటార్స్‌కి 20 శాతం వాటా ఉండేది. ఆ చుట్టరికం మీద జపాన్‌లో తయారైన ఫారెస్టర్ అనే సుబారు మోడల్ని తెచ్చి, షెవర్లే బిళ్ళ తగిలించి ఇక్కడ అమ్మారు. 2005లో ఆ వాటా అమ్మేసుకున్నారు. 2017 చివరికి షెవర్లే కూడా మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. అంటే నా బండికి ఇవాళ పుట్టిల్లూ లేదు, అత్తిల్లూ లేదు.

నాది 2004 మోడల్. రెండు లీటర్ల పెట్రోల్ ఇంజను, చేత్తో వేసే గేర్లు, నాలుగు చక్రాలకీ ఎప్పుడూ లాగుడు. 2012లో హైదరాబాద్‌లో 78 వేల కిలోమీటర్ల మీద కొన్నాను. ఇప్పుడు మీటరు 1,96,000 దాటింది. కొన్న కొత్తలో మా అమ్మ "సుబారు అంటే ఏంట్రా?" అని అడిగింది. జపాన్ భాషలో కృత్తికలమ్మా, వాళ్ళ గుర్తులో ఆరు నక్షత్రాలుంటాయి అన్నాను. "నీ నక్షత్రమే కదరా, అయితే మంచిదే" అంది. ఆవిడ ఈ బండిని మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. వెనక సీట్లో మోకాళ్ళు నొప్పులంటుంది.

ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కారుగా దీన్ని కొనమని ఎవరికీ చెప్పను. మా ఇంట్లో ఇంకో చిన్న కారుంది కాబట్టి ఇది బతికింది. దీని మైలేజీ లీటరుకి తొమ్మిది. హైవే మీద బుద్ధిగా నడిపితే పదకొండు.

మొదటిసారి రావులపాలెంలో ఒక షెడ్డుకి తీసుకెళ్ళినప్పుడు మేస్త్రి గారు బానెట్ ఎత్తి, కాసేపు అటూ ఇటూ చూసి, "ఆయ్, ఇంజను ఏదండీ మాస్టారూ? పడుకోబెట్టేసేరేంటండీ బాబూ!" అన్నారు. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. మామూలు కార్లలో పిస్టన్లు నిలువుగా పైకీ కిందకీ ఆడతాయి. ఇందులో రెండు ఇటు, రెండు అటు అడ్డంగా పడుకుని, ఎదురెదురుగా గుద్దులాడుకుంటున్నట్టు ఆడతాయి. అందుకే బాక్సర్ ఇంజను అంటారు. బరువంతా కిందకి ఉంటుంది కాబట్టి కాలవ గట్ల వంపుల్లో బండి ఊగదు. దాని చప్పుడు కూడా వేరు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే, దూరంగా చేలో ఎవరో నీళ్ళు తోడే ఆయిలింజను ఆన్ చేశారేమో అనిపిస్తుంది.

కానీ పడుకున్న ఇంజనుకి పనులూ పడుకునే చెయ్యాలి. స్పార్క్ ప్లగ్గులు పైన ఉండవు, రెండు పక్కలా ఛాసిస్ వైపు చూస్తూ ఉంటాయి. ఒక పక్క బ్యాటరీ తియ్యాలి, ఇంకో పక్క గాలి గొట్టం తియ్యాలి. నాలుగు ప్లగ్గులు మార్చడానికి మొదటిసారి నాకు మూడు గంటలు పట్టింది. మేస్త్రి గారు పావుగంట నిలబడి చూసి, తర్వాత కుర్చీ తెప్పించుకున్నారు. ఇప్పుడు నలభై నిమిషాల్లో అయిపోతుంది. కిటుకేమీ లేదు, చిన్నవీ పెద్దవీ ఎక్స్‌టెన్షన్లు రెండు, వంగే జాయింటు ఒకటి ఉంటే చాలు.

ఇక హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజనుకీ దాని మూతలాంటి హెడ్‌కీ మధ్య గాలీ నీళ్ళూ కలవకుండా ఆపే పలక. పాత సుబారు అనగానే తెలిసినవాళ్ళు ముందు భయపెట్టేది దీని గురించే. ఆ చెడ్డపేరు ఎక్కువగా రెండున్నర లీటర్ల ఇంజనుది. నా రెండు లీటర్ల ఇంజనుకి పదమూడేళ్ళలో గ్యాస్కెట్ మార్చాల్సిన పని పడలేదు. కానీ పోయిందని మాత్రం నన్ను ఒకసారి నమ్మించబోయారు.

2017 మే నెల. రాజమండ్రి నుంచి వస్తుంటే జొన్నాడ దాటాక టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి లేవడం మొదలైంది. ఏసీ ఆపి, హీటరు ఫుల్లు పెట్టి, చెమటలు కక్కుకుంటూ రావులపాలెం చేరాను. మా మేస్త్రి గారు ఊళ్ళో లేరు. వేరే షెడ్డులో చూపిస్తే ఐదు నిమిషాల్లో తీర్పు వచ్చేసింది: "హెడ్ గ్యాస్కెట్ పోయిందండీ, ఇంజను దింపాలి, అరవై వేలు చూసుకోండి." ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అమ్మేద్దామా అని కూడా అనిపించింది.

తెల్లారి కుదురుగా ఆలోచించాను. గ్యాస్కెట్ పోయి సిలిండర్ గాలి కూలెంటులోకి, అంటే ఇంజనుని చల్లబరిచే నీళ్ళల్లోకి దూరుతుంటే, రేడియేటర్ పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో బుడగలు ఆగకుండా రావాలి, ఆ నీళ్ళకి పొగ వాసన రావాలి. ఇంజను వేడెక్కినప్పుడు డబ్బాలోకి పొంగిన కూలెంటు చల్లారాక మళ్ళీ రేడియేటర్లోకి పోకుండా అక్కడే నిలిచిపోవాలి. నా డబ్బాలో ఇవేవీ లేవు. మరి ముల్లు ఎందుకు లేచింది? అప్పుడు గుర్తొచ్చింది. అంతకు నాలుగు రోజుల ముందే కింది రేడియేటర్ గొట్టం మార్పించి, పైనుంచి గబగబా కూలెంటు పోయించాను. పడుకున్న ఇంజనులో గాలి తనంతట తాను పైకి రాదు, మూలల్లో ఇరుక్కుంటుంది. దీనికి రేడియేటర్ పై మూలన ఒక చిన్న ప్లాస్టిక్ స్క్రూ ఉంటుంది, గాలి పోవడానికి. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఇంటి ముందు అరుగు వాలు మీద ముందు చక్రాలు ఎక్కించాను. ఆ స్క్రూ విప్పి, హీటరు ఫుల్లు వేడిలో పెట్టి, గరాటుతో కొంచెం కొంచెంగా పోస్తూ, మధ్యమధ్యలో పైగొట్టం చేత్తో పిసుకుతూ కూర్చున్నాను. స్క్రూ దగ్గర బుడగలు ఆగి కూలెంటు కారాక బిగించి, స్టార్ట్ చేసి, మళ్ళీ చల్లారనిచ్చి మళ్ళీ పోశాను. దాదాపు లీటరున్నర పట్టింది. అంటే అంత గాలి ఉందన్నమాట. ఆ తర్వాత ముల్లు సగానికి ఒక గీత కిందే నిలబడింది, ఈరోజు వరకూ కదల్లేదు. అరవై వేల జబ్బు కూలెంటు డబ్బాతో పోయింది.

ఒక్క గుర్తు పెట్టుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది. ట్రాఫిక్‌లో నిలబడితే వేడెక్కి, నడిస్తే చల్లబడుతుంటే ముందు ఫ్యాను, దాని రిలే చూడండి. నిలబడితే బాగుండి, హైవే మీద వేగంలో వేడెక్కుతుంటే రేడియేటర్ పూడికో, గాలి ఇరుక్కోవడమో, నిజంగానే గ్యాస్కెట్టో. ఎవరైనా బానెట్ ఎత్తగానే గ్యాస్కెట్ అంటే బానెట్ దించేసి వచ్చెయ్యండి.

నా సొంత తెలివితక్కువతనం కూడా చెప్పాలి. 2015లో ముక్తేశ్వరం వైపు కాలవ గట్టు మీద ఎదురుగా వచ్చిన ట్రాక్టరుకి దారిచ్చి, కొట్టేసిన తాటి మొద్దు ఎక్కించి టైరు పక్కగోడ చీల్చుకున్నాను. అదే సైజులో ఒక్క కొత్త టైరు కొని వేయించాను. మామూలు కారుకైతే అది తప్పేం కాదు. వారం తర్వాత ఇంటి ఆవరణలో స్టీరింగు పూర్తిగా తిప్పి వెనక్కి తీస్తుంటే, ఎవరో పట్టుకు లాగుతున్నట్టు బండి బిగిసింది. గేరుబాక్సు పోయిందనుకున్నాను.

పోలేదు. ఈ బండిలో ముందు వెనక చక్రాలని వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే ఒక డిఫరెన్షియల్, ఆ తేడా మరీ పెరగకుండా పట్టి ఉంచడానికి చిక్కటి ద్రవంతో పనిచేసే కప్లింగ్ ఉంటాయి. నాలుగు టైర్లూ ఒకే చుట్టుకొలతలో ఉంటేనే అది హాయిగా ఉంటుంది. ఒకటి పెద్దదైతే, తిన్నటి రోడ్డు మీద కూడా ఒక చక్రం ఎప్పుడూ తేడా వేగంతో తిరుగుతున్నట్టే దానికి లెక్క. కప్లింగ్ రోజంతా మరుగుతుంది. టైర్ల చుట్టుకొలతలో పావు అంగుళం, అంటే ఆరు మిల్లీమీటర్లకి మించి తేడా ఉండకూడదు. మా ఆవిడ మిషను డ్రాయరులోంచి దర్జీ టేపు తెచ్చి కొలిస్తే నా తేడా సెంటీమీటరు పైనే వచ్చింది. మిగతా మూడూ మార్చేశాను. పెట్టిన ఖర్చు కన్నా ఆ టేపు నల్లగా చేసినందుకు పడ్డ తిట్లే ఎక్కువ గుర్తున్నాయి. ఇప్పుడు ఐదు వేల కిలోమీటర్లకోసారి టైర్లు స్థానాలు మార్పిస్తాను. బండి ఎక్కడైనా ఆగిపోతే ముందు చక్రాలు ఎత్తి లాగనివ్వను, నాలుగూ పైకెక్కించే లారీ రావాల్సిందే.

మరి ఇంత కష్టానికి నాలుగు చక్రాల లాగుడు కోనసీమలో ఏం ఉపయోగం అని అడుగుతారు. ఇక్కడ కొండలా, గుట్టలా? వానాకాలంలో సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బండ్లని దాటించే పడవ, దిగి చూడండి. నరసాపురం నుంచి వశిష్ఠ దాటి వచ్చి, నీళ్ళూ బురదా కలిసిన ఆ వాలు ఎక్కేటప్పుడు ముందు కారు చక్రాలు తిరుగుతూ వెనక్కి జారుతుంటే, ఇది మాత్రం రెండో గేరులో ఏమీ ఎరగనట్టు ఎక్కేస్తుంది. అంతర్వేది ఇసకలోనూ అంతే.

అయితే లాగుడు వేరు, ఈత వేరు. 2022 జూలై గోదావరి వరదకి బండిని బయటకే తియ్యలేదు. ఆ మరుసటి ఏడు మాత్రం మా వైపు ఒక కాజ్‌వే మీద నీళ్ళు మోకాలి లోతే కదా అని దాటేశాను. ఇంజనుకి ఏమీ కాలేదు, మురిసిపోయాను. నెల తర్వాత గేరు ఆయిల్ విప్పితే పాలెక్కువైన టీ కారింది. గేరుబాక్సుకి, వెనక డిఫరెన్షియల్‌కి ఊపిరి పీల్చే చిన్న గొట్టాలుంటాయి. వేడి మీదున్న గేరుబాక్సు చల్లటి నీళ్ళల్లోకి దిగగానే లోపలికి పీలుస్తుంది. ఈ కారులో గేరుబాక్సుకీ, ముందు డిఫరెన్షియల్‌కీ ఆయిల్ ఒకటే, మూడున్నర లీటర్ల 75డబ్ల్యూ-90. వెనకది విడిగా ముప్పావు లీటరు పైన. రెండూ మార్చి, రెండొందల కిలోమీటర్లు తిప్పి, మళ్ళీ మార్చాను. నీళ్ళల్లో దిగితే నెల ఆగకండి, మర్నాడే విప్పి చూడండి.

పిస్టన్లతో తాళం తప్పకుండా వాల్వులని ఆడించే టైమింగ్ బెల్టు రెండుసార్లు మార్చాం. పాత యజమాని దగ్గర కాగితాలేమీ లేవు కాబట్టి కొన్న ఏడాదికే ఒకసారి, 2021లో రెండోసారి. ఇక్కడొక ఉచ్చు ఉంది. క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, దాని పళ్ళచక్రం మీద బాణం గుర్తూ ఉంటుంది, గీతా ఉంటుంది. ఎవరైనా చూడగానే బాణాన్నే పైకి పెడతారు. బెల్టుకి కలపాల్సింది వెనక అంచు పంటి మీదున్న సన్నటి గీతని. మేస్త్రి గారు బాణం పెట్టేశారు, నేను వద్దన్నాను. "నలభై ఏళ్ళుగా బెల్టులు వేస్తన్నానండీ" అన్నారు. చేత్తో క్రాంకు తిప్పి చూద్దాం, స్టార్ట్ చెయ్యొద్దు అని బతిమాలాను. మధ్యలో గట్టిగా తగిలి ఆగింది. ఆయన ఏమీ అనలేదు, టీ చెప్పారు. బెల్టు వేశాక చేత్తో రెండు చుట్లు తిప్పకుండా తాళం చెవి ముట్టుకోకూడదు. బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్‌ని కూడా వైసులో నిలువుగా పెట్టి, నిదానంగా నొక్కి, పిన్ను దూర్చాలి. గబుక్కున బిగిస్తే లోపలి సీలు పోతుంది.

సామాన్ల సంగతికొస్తే, ఆ విషయంలో కోనసీమ అదృష్టం చేసుకుంది. ప్రతి వీధిలో ఇద్దరు గల్ఫ్‌లో ఉంటారు. ఫారెస్టర్లు అక్కడ కుప్పలుగా తిరిగాయి. మా బావమరిది కువైట్‌లో ఉంటాడు, వాడి స్నేహితుడు షార్జాలో. బెల్టు కిట్టు, నీళ్ళ పంపు, ఇంజను కొట్టుకోవడాన్ని కనిపెట్టే నాక్ సెన్సరు అన్నీ ఖర్జూరం ప్యాకెట్ల మధ్య వచ్చినవే. పార్టు నంబరు రాసివ్వాలి, బొమ్మ పంపితే సరిపోదు. ఆయిల్ ఫిల్టరు మాత్రం ఇక్కడిదే వేస్తారు చాలామంది, మర సరిపోతుంది కాబట్టి. ఫిల్టరు పూడితే ఆయిల్‌ని పక్కదారిన పంపే లోపలి బైపాస్ వాల్వు ఎంత ఒత్తిడికి తెరుచుకుంటుందో కూడా సరిపోవాలి, అందుకే నేను ఒకేసారి డజను తెప్పించుకుంటాను.

చిన్నచిన్నవి చాలా ఉన్నాయి. సిగ్నల్ దగ్గర ఆగితే మాడు వాసన వస్తోందంటే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ నుంచి ఆయిల్ సైలెన్సర్ గొట్టం మీద పడుతోందని అర్థం, వెయ్యి రూపాయల రబ్బరు. ఇంజను లైటు వెలిగి పీ0325 అనే కోడు చూపిస్తే నాక్ సెన్సరు. ఇన్‌టేక్ గొట్టాల కింద ఒకే బోల్టుతో ఉంటుంది, అరగంట పని. కోత సమయంలో చేలల్లోంచి ఎలుకలు వచ్చి ఇంజను మీద కాపురం పెడతాయి. రెండేళ్ళ కిందట ఒక ఇంజెక్టర్ వైరు కొరికితే మూడు సిలిండర్ల మీద ఇల్లు చేరాను. రాత్రిళ్ళు బానెట్ ఎత్తి ఉంచితే రావడం తగ్గింది, వీధిలో మాత్రం బండి పాడైందనే అనుకుంటున్నారు. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ వచ్చాక ఇరవై ఏళ్ళ నాటి రబ్బరు గొట్టాలని నమ్మలేక ట్యాంకు నుంచి ఇంజను దాకా అన్నీ మార్చేశాను.

ప్రస్తుతానికి ఎడమ వెనక చక్రంలో ఊఁ అని ఒక మూలుగు మొదలైంది. అరవై దాటితే పెరుగుతుంది, కుడివైపు తిరిగితే ఇంకా ఎక్కువవుతుంది. బేరింగే, ఆ కాజ్‌వే నీళ్ళ తాలూకు బాకీ. ఇది సుత్తితో కొట్టి ఎక్కించేది కాదు, కాకినాడలో ప్రెస్సు ఉన్న చోటికి వెళ్ళాలి. బావమరిది సంక్రాంతికి వస్తున్నాడు, నంబరు రాసిచ్చాను. అప్పటిదాకా బండిని యాభై దాటించడం లేదు. అమ్మ మాత్రం మొదటిసారి సుఖంగా ఉందంటోంది.