సాన్ మార్కోస్ నది మీద రెండు కెనూలు, ఐదుగురం

ముందే చెప్పేస్తున్నాను. జులైలో శనివారం మధ్యాహ్నం పూట టెక్సాస్‌లో సాన్ మార్కోస్ నది మీద మార్టిన్‌డేల్ ఊరి వైపు కెనూ (తెడ్డుతో నడిపే సన్నపాటి పడవ) వేసుకుని వెళ్ళకండి. వెళ్ళి తీరాలనుకుంటే కెనూ వదిలేసి, గాలి నింపిన రబ్బరు ట్యూబు ఎక్కి తేలండి. ఆ రోజు ఆ నది ట్యూబుల వాళ్ళది. వాళ్ళ మధ్యలో తెడ్డు వేయడమంటే రథం బజారులో సైకిలు తొక్కడమే.

మేము ఉండేది ఆస్టిన్‌కు ఉత్తరాన. అక్కడి నుంచి సాన్ మార్కోస్ దగ్గరే కదా, పిల్లలకు సెలవులు, మామయ్యగారు అత్తయ్యగారు కూడా ఊరి నుంచి వచ్చి ఉన్నారు, ఒకసారి నది చూపిద్దామనుకున్నాం. ఫోనులో కెనూ బొమ్మ చూపించగానే మామయ్యగారు, "ఓస్, ఇది మన దోనే కదమ్మా" అన్నారు. ఆయనది కోనసీమలో ముక్తేశ్వరం. కోటిపల్లి రేవుకు పంటు మీద గోదావరి దాటుతూ చదువుకున్న మనిషి. అత్తయ్యగారు మాత్రం నీళ్ళ మీదికి రానంటే రానని, పులిహోర కలిపి డబ్బాలో పెట్టి ఇంటి దగ్గరే ఉండిపోయారు. తెలివైనవారు.

పడవలు అద్దెకిచ్చే చోటు పేరు రాయను. పడవ ఎక్కే చోటికి పది గంటలకు బస్సు అని ముందే డబ్బు కట్టించుకున్నారు. అది కదిలేసరికి పదకొండు ముప్పావు. నీడ లేదు, కూర్చోవడానికి బల్ల లేదు, వరుసలో మా ముందు ఇరవై మంది, వాళ్ళ చేతుల్లో మంచు పెట్టెలు. మాకు దక్కినవి రెండు అల్యూమినియం కెనూలు. వాటికి పడిన సొట్టలు చూస్తే ఏ ఏటి రాళ్ళతో ఎన్నాళ్ళు పోట్లాడాయో తెలుస్తుంది. పదమూడేళ్ళలోపు పిల్లలు పడవలో లైఫ్ జాకెట్ వేసుకు తీరాలన్నది టెక్సాస్ చట్టం కాబట్టి మా ఎనిమిదేళ్ళ అమ్మాయికి సరిపోయేది వెతికి ఇచ్చారు. పద్నాలుగేళ్ళ వాడికి, మాకు ఎదురుగా ఉన్న గుట్టలోంచి ఏరుకోమన్నారు. "గోదావరి ఈదినవాణ్ణి, నాకెందుకమ్మా ఇది" అన్నారు మామయ్యగారు. నేను ఊరుకోలేదు. తీరా చూస్తే ఆయనకు పట్టిన జాకెట్‌కు బకిల్ విరిగి ఉంది. మారుద్దామంటే ఆ కొలతలో ఇంకొకటి లేదు. భుజం మీది తువ్వాలు తీసి నడుం చుట్టూ రెండు మెలికలు తిప్పి, దూడను కట్టేసినట్టు ఒక ముడి వేసుకున్నారు. సాయంత్రం దాకా అది వదులు కాలేదు. అయినా ఇది నవ్వుకుని వదిలేసే లోపం కాదు. డబ్బు కట్టే ముందే జాకెట్లు చూపించమనండి. బకిల్ పెట్టి లాగి చూసుకోండి.

నీళ్ళలో దిగాక మొదటి పది నిమిషాలు అద్భుతం. సాన్ మార్కోస్ నగరంలోనే రెండు వందలకు పైగా ఊటలు నేల పొరల్లోంచి పైకి తన్ని ఈ నదిని పుట్టిస్తాయి. ఆ ఊట నీరు ఏడాది పొడవునా దాదాపు 22 డిగ్రీలే. మార్టిన్‌డేల్ దాకా వచ్చేసరికి కాస్త వేడెక్కినా, ఎండలో నిలబడి నిలబడి కాలు పెట్టేసరికి ప్రాణం లేచి వచ్చింది. ఒడ్డున సైప్రస్ చెట్ల వేళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నట్టు నీటిలోకి దిగి ఉన్నాయి.

తర్వాత వంపు తిరిగాం. సంత మొదలైంది.

ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ట్యూబులే. పది పన్నెండింటిని తాళ్ళతో కలిపి కట్టుకున్నారు, నడిమి ట్యూబులో మంచు పెట్టె, దాని మీద చెంబంత స్పీకరు. ఒక గుంపులో కంట్రీ పాటలు, పక్క గుంపులో ర్యాప్, ఆ వెనక స్పానిష్ అకార్డియన్. మూడూ కలిసి మా అల్యూమినియం కెనూ అడుగున మోగుతున్నాయి. చేయి పెడితే అదురు తెలిసేది. మామయ్యగారు విసుక్కుంటారేమోనని వెనక్కి తిరిగి చూశాను. ఆయన ముఖం వెలిగిపోతోంది. "జగ్గన్నతోట ప్రభల తీర్థంలా ఉందమ్మా" అన్నారు. ఆ తాళ్ళు కట్టిన ట్యూబులను చూసి, "వీళ్ళూ సంగడి కట్టారే!" అని మురిసిపోయారు. రెండు తాటిదోనెలను జత చేసి కడితే సంగడి అంటారని అప్పుడే నా పిల్లలకు తెలిసింది. నిజం చెప్పాలంటే నాకూ అప్పుడే తెలిసింది.

ఆయనకు కోపం వచ్చింది మోత మీద కాదు, మా ఆయన మీద. కెనూలో వెనక కూర్చున్నవాడిదే దిక్కు. ముందు కూర్చున్నవాడు లాగాలి, వెనకవాడు తిప్పాలి. మా ఆయనా మా అబ్బాయీ ఇద్దరూ ఒకే పక్క తెడ్డు వేస్తూ, పడవ ఎందుకు గుండ్రంగా తిరుగుతోందని ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. "ఒరేయ్, చివర తెడ్డు వేసేవాడు చుక్కానిరా! ఆ తెడ్డు నీళ్ళలోనే ఉంచి పక్కకు తోయి!" అని మామయ్యగారు ఇక్కడి నుంచి కేకలు. ఆ కేకలు ఆ స్పీకర్లను దాటి వెళ్ళాయంటే మా కుటుంబం గొంతు ఎలాంటిదో ఊహించుకోండి. నది గోలగా ఉందని ఫిర్యాదు చేయడానికి నాకున్న అర్హత ఎంతో అని అప్పుడే సందేహం వచ్చింది.

రాళ్ళ మీదుగా నీళ్ళు ఉరికే చోట వాళ్ళ కెనూ అడ్డం తిరిగి ఒక సంగడిని ఢీకొంది. బోల్తా పడలేదు కానీ మా ఆయన లేచి నిలబడ్డారు. కెనూలో చేయకూడని పని అదొక్కటే. ఆయనతోపాటు ఒక చెప్పు, సగం పులిహోర నీళ్ళలోకి వెళ్ళాయి. ట్యూబులోని కుర్రవాళ్ళు నవ్వుతూనే కెనూ కొస పట్టుకుని ఆపారు, మా అబ్బాయికి తాగే నీళ్ళిచ్చారు. అరమైలు దిగువన ఎవరో ఒకావిడ ఆ చెప్పును తెడ్డులా పైకెత్తి ఊపుతూ, ఇది ఎవరిదని అందరినీ అడుగుతోంది. తెచ్చి ఇచ్చింది.

చెత్త మాత్రం బాధ కలిగించింది. సాన్ మార్కోస్ నగరం 2024 మే నుంచి తన నది ఒడ్డు పార్కుల్లో ఒకసారి వాడి పారేసే డబ్బాలు, సీసాలు నిషేధించింది. ఆ నియమం ఆ పార్కుల వరకే. మేము తేలిన చోట ప్రతి వేరు కిందా ఒక బీరు డబ్బా మెరుస్తోంది.

ఆ రాత్రి హైవే పక్కన ఒక మోటెల్‌లో దిగాం. గది శుభ్రంగానే ఉంది, తువ్వాళ్ళు అడగకుండానే ఇచ్చారు. కానీ ఊరి మధ్యలోంచి గూడ్సు రైళ్ళు కూత వేసుకుంటూ పోతూనే ఉంటాయి, రాత్రి మూడింటికి కూడా. గది తీసుకునేటప్పుడు పట్టాలు ఎటున్నాయో మ్యాపులో చూసుకోండి. ఈత కొలను ఉందా లేదా అన్నదానికన్నా అదే ముఖ్యం.

ఆదివారం ఉదయం నది పుట్టిన చోట, స్ప్రింగ్ లేక్‌లో గాజు అడుగు పడవ ఎక్కాం. టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు నడుపుతారు. అరగంట ప్రయాణం. ఈ మొత్తం యాత్రలో పైసకు పైసా విలువ చేసింది అదే. గాజులోంచి చూస్తే అడుగున ఇసుక, అన్నం కుతకుత ఉడికినట్టు పొంగుతోంది. ఆ పొంగే ఊట. నీటి అడుగున పొడవాటి పచ్చ గడ్డి ఒకే దిక్కుకు ఊగుతుంటుంది. అందులో టెక్సాస్ అడవి వరి కూడా ఉంది. ప్రపంచంలో ఈ నది ఎగువ భాగంలో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. 1978 నుంచి అంతరించిపోయే జాతుల జాబితాలో ఉంది. మూడెకరాల మాగాణి చేసిన మామయ్యగారు వరి అన్న మాట వినగానే గాజు మీదికి వంగిపోయారు. "కోత కోయరా దీన్ని?" అని మొదటి ప్రశ్న. కోయరని చెబితే, కొంచెం సేపు ఏమీ మాట్లాడలేదు.

రెండు వారాల తర్వాత, గురువారం, మా ఆయన సెలవు పెట్టారు. ఈసారి లూలింగ్. అదే నది, దిగువన. ఇక్కడ దాదాపు పది కిలోమీటర్ల పొడవున ప్రభుత్వం గుర్తించిన పడవదారి ఉంది, 1874 నాటి జెడ్లర్ మిల్లు దగ్గర ముగుస్తుంది. మిల్లు ఆనకట్టకు ముందే ఒడ్డెక్కాలి, హెచ్చరిక బోర్డు కనిపించగానే ఒడ్డు పట్టండి. కెనూలు ట్రైలర్ మీద తెచ్చిన పెద్దాయన చెప్పిన సమయానికి ఐదు నిమిషాలు ముందే వచ్చారు. జాకెట్ల బకిళ్ళన్నీ నేనే లాగి చూశాను.

మూడున్నర గంటల్లో మాకు ఎదురైన మనుషులు ఇద్దరు, ఇద్దరూ చేపలు పడుతున్నవారే. నీలి కొంగలు, దుంగల మీద వరుసగా ఎండ కాచుకునే తాబేళ్ళు. నీరు మాత్రం ఎగువన ఉన్నంత తేటగా ఉండదు, ఆకుపచ్చ మట్టి రంగు. పైనుంచి బ్లాంకో నది వచ్చి కలుస్తుంది కాబట్టి ఇక్కడి ఆకాశం ఒక్కటే చూస్తే చాలదు. 2015 మేలో ఆ బ్లాంకో పొంగి, ఎగువన వింబర్లీ అనే ఊళ్ళో ఇళ్ళను ఊడ్చుకుపోయింది. లూలింగ్ దగ్గర నీటిమట్టం కొలిచే కేంద్రం లెక్కలు ఇంటర్నెట్‌లో ఉంటాయి, బయలుదేరే ముందు చూసుకోండి. ఒడ్డు భూములు ఎక్కువగా ప్రైవేటువి, ఎక్కడ పడితే అక్కడ దిగి భోజనం చేయకూడదు. మేము ఇసుక మేట మీద ఆగాం.

రాత్రికి పావుగంట దూరంలోని పాల్మెట్టో స్టేట్ పార్కులో గుడారం వేసుకున్నాం. ఈసారి అత్తయ్యగారు కూడా వచ్చారు. పొట్టి ఈతచెట్ల లాంటి పాల్మెట్టో పొదలు, వాటి మధ్య కాలిబాట, 1930ల నాటి రాతి మండపం. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేయకూడదని నియమం. పన్నెండేళ్ళ దాకా పిల్లలకు ప్రవేశ రుసుము లేదు. స్నానాల గది బాగుంది. దోమలు మాత్రం మన కొబ్బరితోటలను గుర్తుకు తెచ్చాయి, మందు రాసుకోకుండా కూర్చోలేం. కప్పలు ఆ చప్పుడు నియమం చదివినట్టు లేవు, తెల్లవార్లూ అరిచాయి.

శుక్రవారం తిరిగి వస్తుంటే ఏది బాగుందని పిల్లలను అడిగాను. మా అమ్మాయి తాబేళ్ళంది. మా అబ్బాయి కిటికీలోంచి చూస్తూ, "శనివారమే బాగుందమ్మా, ఇక్కడ మనుషులే లేరు" అన్నాడు. లూలింగే బాగుందని నేను వాదించబోతుంటే వెనక సీటులోంచి మామయ్యగారు, "వాడన్నది నిజమే. ఈసారి మాత్రం ఆ వెనక తెడ్డు వీడి నాన్నకివ్వకండి" అన్నారు.