ఇల్లు, కొంప: రెండింటికీ తేడా ఎక్కడ?

నిఘంటువు తెరిస్తే రెండూ నివాసమే. వాడుకలో మాత్రం ఒకదాని చోట ఇంకొకటి పెడితే చాలాసార్లు వాక్యం చెడుతుంది.

‘ఇల్లు మునిగింది’ అంటే వరద వచ్చిందని అర్థం. ‘కొంప మునిగింది’ అనడానికి చుక్క నీరు కూడా అక్కర్లేదు, పరీక్ష హాల్ టికెట్ మర్చిపోతే చాలు. ‘కొంపలేమైనా అంటుకున్నాయా?’ అన్నా అంతే. అక్కడ మంటలూ ఉండవు, పొగా ఉండదు. అవతలివాడి తొందర మీద విసుగు, అంతే. ‘కొంపదీసి’ దగ్గరికొచ్చేసరికి నివాసం అన్న అర్థమే మాయమైంది. ‘కొంపదీసి వాళ్లు ఈరోజే వస్తారా?’ అన్నప్పుడు మిగిలింది అనుమానం, కాస్త టెన్షన్.

ఇల్లు అలా కాదు, మనుషుల్ని కలుపుకుంటుంది. ఇంటిపేరు వంశాన్ని చెబుతుంది. ఇల్లాలు, ఇల్లరికం కూడా అందులోంచి వచ్చినవే. ‘ఇంటివాడు అద్దె అడిగాడు’లో ఇంటివాడు యజమాని. ‘ఓ ఇంటివాడయ్యాడు’ అంటే పెళ్లయిందని. ఇల్లు కొన్నాడని పొరబడేవాళ్లు తక్కువే.

మర్యాద దగ్గర తేడా గట్టిది. సొంతింటిని ‘ఈ పాడు కొంప’ అని తిట్టుకోవచ్చు. ఎదుటివాళ్లతో ‘మీ కొంప ఎక్కడ?’ అంటే, బాగా చనువుంటే తప్ప, తగవే. గృహం సంగతా? గృహరుణం, గృహప్రవేశం లాంటి సమాసాల్లో హాయిగా ఒదుగుతుంది. ‘గృహానికి వెళ్తున్నా’ అంటే మాత్రం పక్కవాళ్లు నవ్వుతారు.