సుమో ట్రాఫిక్ సిమ్యులేటర్: టూల్ మంచిదే, మాయమయ్యే బళ్లతోనే తంటా

ట్రాఫిక్ సిగ్నళ్ల మీద పనిచేసేవాళ్లకి సుమో గురించి, అంటే రోడ్ల మీద బళ్లు ఎలా కదులుతాయో కంప్యూటర్‌లో నడిపి చూపించే ఈ సాఫ్ట్‌వేర్ గురించి, కొత్తగా చెప్పేదేం లేదు. కానీ ఈ మధ్య మెషిన్ లెర్నింగ్ వైపు నుంచి చాలామంది ఈ రంగంలోకి వస్తున్నారు, పేపర్లలో దీని పేరు చూసి డౌన్‌లోడ్ చేసుకుని, ఒకసారి రన్ కొట్టి, వచ్చిన నంబర్లు తీసుకెళ్లి నేరుగా టేబుల్‌లో పెట్టేస్తున్నారు. ఈ రివ్యూ వాళ్ల కోసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: ఉచితంగా దొరికే వాటిలో ఇంత పని చేసిపెట్టే సిమ్యులేటర్ నాకింకోటి కనపడలేదు. కాకపోతే మీరు అడక్కుండానే ఇది మీ తరఫున కొన్ని నిర్ణయాలు తీసేసుకుంటుంది, అవేంటో చూసుకోకపోతే మీరు వేసిన గ్రాఫ్‌కి అర్థం ఉండదు.

జర్మన్ ఏరోస్పేస్ సెంటర్ వాళ్లు 2000 ప్రాంతంలో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది, ఓపెన్ సోర్స్, ఇప్పుడు ఎక్లిప్స్ ఫౌండేషన్ గొడుగు కింద ఉంది. ప్రతి బండినీ విడివిడిగా, మామూలుగా అయితే సెకనుకోసారి, ముందుకు కదుపుతుంది. డీఫాల్ట్‌గా వాడేది క్రౌస్ మోడల్: ముందున్న బండి ఒక్కసారిగా బ్రేక్ వేసినా గుద్దకుండా ఆగాలంటే నేను ఎంత వేగంలో ఉండొచ్చు అని లెక్కేసి, అందులోంచి డ్రైవర్ పరాకు కింద కొంచెం తగ్గిస్తుంది. ఆ పరాకుని సిగ్మా అంటారు, డీఫాల్ట్ విలువ 0.5. కార్ల మధ్య కనీస దూరం 2.5 మీటర్లు, కారు పొడవు 5 మీటర్లు. మీరు కొలిచిన ట్రాఫిక్‌కి ఈ విలువలు సరిపోతాయో లేదో సుమోకి తెలీదు, అది చూసుకోవాల్సింది మీరే.

ఇక అసలు విషయం, టెలిపోర్ట్. ఒక బండి లేన్‌లో ముందు వరసలో ఉండి, అవతలి రోడ్డు నిండిపోయి కదల్లేక 300 సెకన్లు దాటిందనుకోండి, సుమో దాన్ని రోడ్డు మీంచి ఎత్తేసి, దాని రూట్‌లో ముందు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దింపేస్తుంది. స్క్రీన్ మీద ఒక వార్నింగ్ లైన్ వస్తుంది, ఫలానా బండి మరీ ఎక్కువసేపు ఆగింది, కారణం జామ్, ఫలానా లేన్, ఫలానా సమయం అని. చాలా రోడ్లున్న పెద్ద నెట్‌వర్క్‌లో ఇలాంటి లైన్లు బిలబిలమని వచ్చి పైకి జరిగిపోతుంటాయి, ఎవరూ చదవరు. చదవకపోతే ఏమవుతుంది? మీ సిగ్నల్ అల్గారిదమ్ చెత్తగా పనిచేసి కూడలి మొత్తం బిగుసుకుపోయినా, ఐదు నిమిషాలకోసారి సుమోయే బళ్లని ఒక్కొక్కటిగా లాగేసి దారి చేస్తుంది. అలా ఎగిరిన బండి కూడా గమ్యం చేరినట్టే లెక్క, దాని ప్రయాణ సమయం కూడా సగటులో కలిసిపోతుంది. రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (మంచి ఫలితానికి రివార్డ్ ఇస్తూ ప్రోగ్రామ్ దానంతటదే నేర్చుకునేలా చేసే పద్ధతి) వాడేవాళ్లకైతే ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే ఆ నేర్చుకునే ప్రోగ్రామ్‌కి, అంటే ఏజెంట్‌కి, నిజాయితీ అక్కర్లేదు, రివార్డ్ వస్తే చాలు.

ఒకే కూడలి మీద ప్రయోగమైతే ఈ 300 సెకన్ల గడువుని నిర్ణయించే టైమ్ టు టెలిపోర్ట్ ఆప్షన్‌ని మైనస్ 1 పెట్టి ఆపేయడమే నా సలహా, బిగుసుకుంటే బిగుసుకోనివ్వండి, ఆ సంగతి మీకు తెలియాలి కదా. ఊరంత నెట్‌వర్క్‌లో ఆపితే మాత్రం ఒక మూల పడ్డ ముడి మొత్తాన్ని పట్టేసి రన్ పనికిరాకుండా పోతుంది, అక్కడ ఆన్‌లోనే ఉంచి, ఎన్ని ఎగిరాయో పేపర్లో రాయాలి. రన్ చివర స్టాటిస్టిక్స్ అడిగితే టెలిపోర్ట్‌ల సంఖ్యని జామ్, దారివ్వడం, తప్పు లేన్ అని విడగొట్టి మరీ ఇస్తుంది. సుమో దాచిపెట్టడం లేదన్నమాట, అడగనిది మనమే.

ఇదే కోవలో ఇంకోటి. రోడ్డు నిండిపోతే కొత్త బళ్లు లోపలికి రాలేక నెట్‌వర్క్ బయటే క్యూ కడతాయి, ఆ ఎదురుచూపు ప్రయాణ సమయంలో కలవదు, డిపార్ట్ డిలే అని వేరే కాలమ్‌లో ఉంటుంది. రన్ ఆగేసరికి ఇంకా దారిలోనే ఉన్న బళ్లయితే, మీరు ప్రత్యేకంగా అడిగితే తప్ప, ఒక్కో బండి ప్రయాణ వివరాలు రాసే ట్రిప్ ఫైల్లో రానే రావు. అంటే ట్రాఫిక్ ఎంత ఘోరంగా ఉంటే మీ సగటు అంత అందంగా కనిపించే అవకాశం ఉంది! రివ్యూయర్లు దీన్ని ఎందుకు అడగరో నాకు అర్థం కాదు.

మ్యాప్ సంగతికొస్తే, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఎవరైనా ఉచితంగా వాడుకోగల మ్యాప్) నుంచి నెట్‌వర్క్ తెచ్చుకోవడం నిజంగా సులువు. సుమోతో వచ్చే విజార్డ్‌లో మ్యాప్ మీద ఒక డబ్బా గీస్తే కాసేపట్లో పసుపు త్రికోణాలు రోడ్ల మీద పరిగెడుతుంటాయి, చూడ్డానికి సరదాగా కూడా ఉంటుంది. కానీ ఆ బళ్లు యాదృచ్ఛికంగా పుట్టించినవి, నిజంగా ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో మ్యాప్‌లో ఉండదు. సిగ్నల్ టైమింగులూ ఉండవు, మ్యాప్‌ని సుమో నెట్‌వర్క్‌గా మార్చే నెట్‌కన్వర్ట్ అనే ప్రోగ్రామే 90 సెకన్ల సైకిల్ ఒకటి పెట్టేస్తుంది. డివైడర్ ఉన్న రెండు రోడ్లు కలిసే చోట ఒక కూడలి బదులు నాలుగు చిన్న కూడళ్లు పుట్టుకొస్తాయి, వాటికి విడివిడిగా సిగ్నళ్లు, మధ్యలో రెండు కార్లు పట్టేంత రోడ్డు ముక్క. జంక్షన్లని కలిపే ఆప్షన్ ఉంది, సగం కేసుల్లో బాగానే కలుపుతుంది, మిగతావి నెట్‌వర్క్‌ని గీసి మార్చుకునే నెట్‌ఎడిట్‌లో కూర్చుని చేత్తో సరిచేసుకోవాలి. ఓపిక కావాలి.

లేన్ పాటించని ట్రాఫిక్‌కి డీఫాల్ట్ సెట్టింగ్ పనికిరాదు. ఒక లేన్‌లో రెండు బైకులు పక్కపక్కన నిలబడలేవు, కారు వెనకాల కారులాగే బుద్ధిగా ఆగుతాయి. లేటరల్ రిజల్యూషన్ అనే ఆప్షన్‌కి విలువ ఇస్తే లేన్‌ని సన్నటి పట్టీలుగా చీల్చి బైకుల్ని సందుల్లోంచి ముందుకు రానిస్తుంది, అప్పుడు క్యూ పొడవు చాలా తేడా వస్తుంది. రన్ నెమ్మదిస్తుంది, అయినా పర్లేదు.

సుమోని పైథాన్ కోడ్ నుంచి నడపడానికి ట్రాసీ అనే ఇంటర్‌ఫేస్ ఉంది, నేర్చుకోవడం తేలిక, కానీ ప్రతి ప్రశ్నా సాకెట్ (రెండు ప్రోగ్రామ్‌ల మధ్య సందేశాలు పంపే దారి) మీదుగా వెళ్లొస్తుంది కాబట్టి బళ్లు పెరిగేకొద్దీ నత్తనడకే. ట్రైనింగ్‌కి లిబ్‌సుమో వాడండి, ఇది సాకెట్ లేకుండా సుమోని నేరుగా మీ ప్రోగ్రామ్‌లోనే నడిపే లైబ్రరీ, ఫంక్షన్లు దాదాపు అవే, కోడ్‌లో ఇంపోర్ట్ లైన్ మారిస్తే చాలావరకు సరిపోతుంది.

రాండమ్ సీడ్, అంటే యాదృచ్ఛిక సంఖ్యలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే నంబర్, కూడా డీఫాల్ట్‌గా ఒకటే ఉంటుంది, ఎన్నిసార్లు నడిపినా అక్షరం పొల్లుపోకుండా అదే ఫలితం. డీబగ్గింగ్‌కి ఇది వరం. పేపర్‌కి మాత్రం సీడ్ మార్చి మార్చి నడిపి, సగటుతో పాటు ఎంత ఊగుతోందో కూడా ఇవ్వాలి, చాలాసార్లు కొత్త అల్గారిదమ్ తెచ్చిందన్న లాభం ఆ ఊగిసలాటలోనే కొట్టుకుపోతుంది.

విస్సిమ్ లాంటి డబ్బులిచ్చి కొనే టూల్స్‌లో గ్రాఫిక్స్ బాగుంటాయి, క్లయింట్‌కి చూపించాలంటే అవే నయం. రీసెర్చ్‌కి మాత్రం సోర్స్ కోడ్ తెరిచి బండి ఎందుకు ఆగిందో చూసుకోగలగడం నాకు ముఖ్యం, అది ఇక్కడే కుదురుతుంది. డాక్యుమెంటేషన్ విస్తారంగా ఉంది కానీ కావాల్సిన ఆప్షన్ ఏ పేజీలో ఉందో ముందే తెలిసినవాళ్లకే దొరుకుతుంది. పైథాన్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్‌తో సుమో ఇన్‌స్టాల్ అవుతుంది. వెర్షన్ మారితే ఫలితాలు కూడా కాస్త మారొచ్చు, అందుకని ప్రాజెక్ట్ అయ్యేదాకా ఒకే వెర్షన్‌కి కట్టుబడి, ఆ నంబర్ పేపర్లో రాసేయండి.