జొహనెస్‌బర్గ్ అపార్థీడ్ మ్యూజియం: టికెట్టు దగ్గరే మొదలయ్యే చరిత్ర

అపార్థీడ్ అంటే దక్షిణాఫ్రికాలో ఒకప్పుడు చట్టబద్ధంగా అమలైన జాతి వివక్ష విధానం. 2001లో గోల్డ్ రీఫ్ సిటీ అనే వినోద పార్కు పక్కన ప్రారంభమైన ఈ మ్యూజియంలో ప్రవేశ టికెట్టే తొలి ప్రదర్శన వస్తువు. మన ఒంటి రంగుతో నిమిత్తం లేకుండా దాని మీద ‘శ్వేతజాతి’ అనో ‘శ్వేతేతర’ అనో ముద్రించి ఉంటుంది. కలిసి వచ్చిన కుటుంబమైనా ఆ ముద్రను బట్టే వేర్వేరు ద్వారాల గుండా వెళ్లాలి. నా భార్య కమ్మీలకు అవతల నడుస్తుంటే, 1950 నాటి జనాభా నమోదు చట్టం ప్రతి మనిషికీ ఒక జాతిని అంటగట్టి, నివాసం, పెళ్లి, చదువు అన్నింటికీ దాన్నే ఆధారం చేయడమంటే ఏమిటో, ఎన్ని పుస్తకాలు చదివినా తెలియని విధంగా తెలిసింది. చెరకు తోటల్లో కూలి ఒప్పందాల మీద 1860 తరువాత దక్షిణాఫ్రికా తూర్పు తీరంలోని నాటాల్ చేరిన మన తెలుగువారి సంతతి కూడా ఆ రెండో ద్వారానికి చెందినవారే.

లోపల, నల్లజాతివారు ఎప్పుడూ అనుమతి పత్రం వెంట ఉంచుకోవాలన్న పాస్ చట్టాలను నిరసిస్తూ 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పులకు బలైన 69 మంది గురించి, 1976లో జొహనెస్‌బర్గ్‌లోని నల్లజాతివారి వాడ సొవెటోలో నిరసనగా వీధుల్లోకి వచ్చిన విద్యార్థుల గురించి ఛాయాచిత్రాలు, చలనచిత్ర దృశ్యాలు ఉన్నాయి. అయితే నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ఉరితీతకు గురైన రాజకీయ ఖైదీలకు గుర్తుగా పైకప్పు నుంచి వేలాడే 131 ఉరితాళ్ల కింద. అక్కడ ఎవరూ గొంతెత్తి మాట్లాడలేదు.

రెండు గంటలు ఏమాత్రం చాలవు కనుక ఒక పూట పూర్తిగా కేటాయించుకోవాలి. మరీ చిన్నపిల్లలను తీసుకువెళ్లకపోవడం మంచిది. హైస్కూలు వయసు పిల్లలకు మాత్రం తప్పక చూపించాలి.